ఒకే భాష చాలనుకున్న పెంటగాన్

1970ల మధ్యలో అమెరికా రక్షణ శాఖ తన సాఫ్ట్‌వేర్ లెక్క తీసి చూసుకుంది. ఆయుధాల్లో, విమానాల్లో, నౌకల్లో నడుస్తున్న ప్రోగ్రాములు 450కి పైగా ప్రోగ్రామింగ్ భాషల్లో, వాటి రకరకాల రూపాల్లో ఉన్నాయని తేలింది. వాటిలో చాలా భాషలు ఒక్క ప్రాజెక్టు కోసం పుట్టి అక్కడే ఆగిపోయినవి. రాసినవాళ్లు వెళ్లిపోతే ఆ కోడ్ జోలికి వెళ్లగలిగేవాళ్లు ఉండరు. అందుకని 1975లో ఒక బృందాన్ని వేసి, అన్నిటికీ పనికొచ్చే ఒకే భాషను చూడమన్నారు. ఉన్నవాటిలో ఏదీ సరితూగలేదు. పోటీ పెట్టి కొత్తది చేయించారు. 1979లో జాన్ ఇష్‌బియా జట్టు గెలిచింది. మొదటి ప్రోగ్రామర్‌గా పేరొందిన ఏడా లవ్‌లేస్ పేరు మీద ఆ భాషకు ఏడా అని పేరు పెట్టారు. ప్రమాణ పత్రం సంఖ్యగా కూడా ఆమె పుట్టిన సంవత్సరం 1815నే వాడారు.

అన్నిటికన్నా మెరుగైన భాష ఒకటి ఉండగలదా అన్న ప్రశ్నకు ఇంతకన్నా గట్టి పరీక్ష నాకు తెలిసి జరగలేదు. డబ్బుంది, నిపుణులున్నారు, వాడి తీరాలనే అధికారమూ ఉంది. ఖర్చు కలిసొచ్చే చోటల్లా ఏడాలోనే రాయాలని 1991 నుంచి చట్టమే చెప్పింది. 1997లో రక్షణ శాఖ ఆ నిబంధనను ఎత్తేసింది.

ఏడా చెడ్డ భాష కాదు. బోయింగ్ 777 విమాన సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం అందులో రాసిందే. అయితే అందరి అవసరాలూ తీర్చబోయి అది బాగా పెద్దదైపోయింది. ఇంత జటిలమైన భాషను ప్రాణాల మీదికి వచ్చే పనుల్లో నమ్మలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ తన 1980 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలోనే హెచ్చరించాడు. భాష ఒక్కటే భద్రత ఇవ్వదనీ తర్వాత తేలింది. 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియన్ 5 రాకెట్ బయల్దేరిన 40 సెకన్లలోపే పేలిపోయింది. దాని గమన నిర్దేశ సాఫ్ట్‌వేర్ ఏడాలోనే ఉంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే పట్టలేదు. ఏడా మౌనంగా ఊరుకోలేదు, పొరపాటు జరిగిందని ఎత్తిచూపింది. కానీ ప్రాసెసర్ మీద భారం తగ్గించడానికి ఆ చోట రక్షణ కోడ్ పెట్టలేదు. పైగా ఏరియన్ 4 కోసం రాసిన కోడ్‌ను కొత్త రాకెట్ వేగాలకు సరిచూడకుండానే వాడారు. ఆ నిర్ణయాలు మనుషులవి. వాటిని ఏ భాషా అడ్డుకోలేదు.

ఏడాకు దక్కనిది ఇంకేదైనా భాషకు దక్కుతుందా? ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించాలి. ఏం లెక్కించగలదన్న విషయంలో మనం వాడే భాషలన్నీ సమానమే. దానికి పునాది 1936లో గణితవేత్త అలన్ ట్యూరింగ్ వేశాడు. కాబట్టి తేడా ఏం చేయగలదన్న దాంట్లో లేదు, ఏం చేయనివ్వదన్న దాంట్లో ఉంది. ఫోర్ట్రాన్‌నే చూడండి. ఒక సబ్‌రొటీన్‌కు రెండు అరేలు ఇచ్చి ఒకదాన్ని మారుస్తున్నప్పుడు, అవి మెమరీలో ఒకదాని మీదికి ఒకటి రాకూడదని దాని నియమం. అందుకే కంపైలర్ ధైర్యంగా లెక్కల వరస మార్చి, ఒకేసారి నాలుగైదు చేయించగలదు. సి భాష అలా ఆంక్ష పెట్టలేదు కనుక, ఒక పాయింటర్‌తో రాసింది రెండోదాన్ని కూడా మార్చి ఉండొచ్చని దాని కంపైలర్ అనుమానిస్తూనే ఉండాలి. ఆ అనుమానం తీర్చడానికే 1999 ప్రమాణంలో రిస్ట్రిక్ట్ అనే పదం చేర్చారు. సి ఇచ్చిన స్వేచ్ఛే ఇక్కడ వేగానికి అడ్డయింది.

మరి ఆంక్షలు పెంచుకుంటూ పోతే? 1953లో హెన్రీ రైస్ ప్రచురించిన సిద్ధాంతం ఆ దారికి హద్దు గీసింది. ప్రోగ్రామును నడపకముందే పరీక్షించి, నడిచినప్పుడు తప్పు చేసేవాటన్నిటినీ ఆపుతూ, సరైనవాటన్నిటినీ వదిలే కంపైలర్ అసాధ్యం. కఠినమైన భాష కొన్ని మంచి ప్రోగ్రాములను కూడా తిప్పిపంపుతుంది. ఉదారమైన భాష కొన్ని చెడ్డవాటిని లోపలికి రానిస్తుంది. ఇది రూపకర్తల చేతకానితనం కాదు, గణితం పెట్టిన షరతు. రెండు వైపులా గెలిచే భాష రేపు కూడా రాదు.

అలాగని, అన్ని భాషలూ సమానమే, పనిని బట్టి ఎంచుకోవాలి అనే మాటతో నేను సరిపెట్టుకోలేను. అది వినడానికి పెద్దరికంగా ఉంటుంది గానీ నష్టం చేస్తుంది. సి, సి ప్లస్ ప్లస్‌లలో విడిచిపెట్టిన మెమరీని మళ్లీ ముట్టుకోవడం, అరే హద్దు దాటి రాయడం సులువు. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఇలాంటివేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను రస్ట్ వంటి మెమరీ భద్రత ఉన్న భాషల్లోకి మళ్లించాక ఈ తరహా లోపాల వాటా 2019లోని 76 శాతం నుంచి 2024కి 24 శాతానికి దిగిందని గూగుల్ ప్రకటించింది. ఈ ఒక్క కొలతలో రస్ట్ సి కన్నా మేలు. అది అభిరుచికి వదిలేసే సంగతి కాదు, ఎందుకంటే ఆ లోపాల వల్ల నష్టపోయేది ఫోన్ చేతిలో ఉన్న మనిషి.

ఉద్యోగాల సంత ఈ కొలతలేవీ పట్టించుకోదు. 1959లో మొదలైన కోబాల్‌ను పండితులు ఎప్పుడో పక్కన పెట్టారు. అయినా బ్యాంకుల లెక్కలు అందులోనే ఉన్నాయి కనుక, 2000 సంవత్సరపు తేదీ సమస్య ముంచుకొచ్చినప్పుడు హైదరాబాద్ కుర్రాళ్లు దాన్నే నేర్చుకుని అమెరికా విమానం ఎక్కారు. వాళ్లు వెతికింది గొప్ప భాషను కాదు. నడుస్తున్న కోడ్ ఏ భాషలో ఉందో అదే వాళ్లకు కావాల్సింది. అమీర్‌పేటలో ఇవాళ ఏ కోర్సు మంచిదని అడిగేవాళ్లు కూడా అదే చూస్తారు, అందులో తప్పేమీ లేదు.

మళ్లీ ఆంక్షల సంగతికి వస్తే, రస్ట్ కూడా తన మేలుకు మూల్యం చెల్లిస్తోంది. రెండు వైపులా గొలుసుకట్టిన జాబితా లాంటి మామూలు నిర్మాణాన్ని నేరుగా రాయబోతే కంపైలర్ ఒప్పుకోదు. ప్రత్యేక పద్ధతులైనా వాడాలి, లేదా అన్‌సేఫ్ అని గుర్తుపెట్టి ఆ భాగం బాధ్యత రాసేవాళ్లే తీసుకోవాలి. లినక్స్ కెర్నల్ 2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తో రస్ట్‌ను లోపలికి రానిచ్చింది. అప్పటికే ఉన్న కోట్ల లైన్ల సి కోడ్‌ను మాత్రం అలాగే ఉంచింది.