పచ్చ గన్నేరు

పచ్చ గన్నేరు అపోసైనేసి కుటుంబానికి చెందిన పొద లేక చిన్న చెట్టు. దీని శాస్త్రీయ నామం కాస్కబెలా థెవీషియా. పాత గ్రంథాలలో ఇది థెవీషియా పెరూవియానా, థెవీషియా నెరీఫోలియా అనే పేర్లతో కనిపిస్తుంది. పసుపుపచ్చని పూల కొరకు దీనిని ఇళ్ళ ముంగిళ్ళలోను, దేవాలయాల తోటలలోను, ఉద్యానవనాలలోను పెంచుతారు. మొక్కలోని అన్ని భాగాలు విషపూరితమైనవి. అందువలన దీనిని పోలిన ఇతర మొక్కల నుండి వేరుగా గుర్తించడం తెలిసి ఉండాలి.

పేరు, పుట్టుక

గన్నేరు అనే మాట చేరిన పేర్లు తెలుగులో పెక్కు కలవు. ఎరుపు, గులాబి, తెలుపు రంగులలో పూచే అసలు గన్నేరు నీరియం ఒలియాండర్. సంస్కృతంలో కరవీరము అనబడేది ఇదే. ఏడాది పొడవునా పూచే చిన్న మొక్క బిళ్ళ గన్నేరు (కాథరాంథస్ రోజియస్). దేవ గన్నేరు (ప్లుమేరియా) ఒక చెట్టు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవైనను వీటి ప్రజాతులు వేరు. పచ్చ గన్నేరు అనే పేరులోని పచ్చ ఆకుపచ్చ కాదు, పసుపుపచ్చ.

పచ్చ గన్నేరు జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. కనుక ప్రాచీన సంస్కృత గ్రంథాలలో చెప్పబడిన కరవీరము ఈ మొక్క కాజాలదు. లిన్నేయస్ 1753లో దీనిని సెర్బెరా ప్రజాతిలో చేర్చాడు. థెవీషియా అనే పేరు 16వ శతాబ్దానికి చెందిన ఫ్రెంచి సన్యాసి, యాత్రికుడు ఆండ్రే థెవే జ్ఞాపకార్థం ఏర్పడినది. 1980లో దీనిని కాస్కబెలా ప్రజాతికి మార్చారు.

గుర్తించే విధానం

పువ్వు రంగును మాత్రమే చూసి నిర్ణయించరాదు. పచ్చ గన్నేరులో నారింజ, తెలుపు రంగుల రకాలు ఉన్నాయి. గన్నేరులోను లేత పసుపు రకాలు ఉన్నాయి. పువ్వులు లేని కాలంలో కూడా ఉపయోగపడే గుర్తు ఆకుల అమరిక.

గన్నేరు కొమ్మకు సాధారణంగా ప్రతి కణుపు వద్ద మూడేసి ఆకులు వలయంగా ఉంటాయి. పచ్చ గన్నేరు ఆకులు కణుపుకు ఒక్కొక్కటిగా, కొమ్మ చుట్టూ మెలిక తిరిగినట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పచ్చ గన్నేరు ఆకు 10 నుండి 15 సెం.మీ. పొడవు, సుమారు 1 సెం.మీ. వెడల్పు కలిగి నున్నగా మెరుస్తుంది. దీనిలో నడిమి ఈనె మాత్రమే స్పష్టంగా కనబడుతుంది. గన్నేరు ఆకు ఇంతకంటె వెడల్పుగా, తోలు వలె దళసరిగా ఉంటుంది. దానిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నడిమి ఈనె నుండి ఇరువైపులకు సాగే సన్నని సమాంతర ఈనెలు కనబడతాయి.

పువ్వులలో భేదం సులభంగానే తెలుస్తుంది. గన్నేరు పువ్వు రేకులు బాగా విచ్చుకొని, గొంతు వద్ద చీలికల వంటి కుచ్చు ఉంటుంది. పచ్చ గన్నేరులో ఐదు రేకులు ఒకదానిపై ఒకటి మెలితిరిగి గరాటు వలె లేక గంట వలె ఉంటాయి. పువ్వు పూర్తిగా విచ్చుకోదు.

అన్నిటికంటె నమ్మదగిన గుర్తు కాయ. గన్నేరు కాయలు సన్నగా, పొడవుగా జంటగా ఉండి, ఎండి పగిలినపుడు నూగు గల విత్తనాలు గాలికి ఎగురుతాయి. పచ్చ గన్నేరు కాయ ఇంచుమించు మూడు మూలలు గల గుండ్రని కాయ. మొదట ఆకుపచ్చగా ఉండి పండినపుడు నల్లబడుతుంది. లోపల గట్టి టెంక, అందులో విత్తనాలు ఉంటాయి. ఆంగ్లంలో దీనికి లక్కీ నట్, అనగా అదృష్టపు కాయ, అనే పేరు కలదు. ఇంతకంటె తప్పుదారి పట్టించే పేరు మరొకటి ఉండదు.

పసుపు పూలు పూచే అల్లమండను కూడా కొందరు పచ్చ గన్నేరుగా పొరబడతారు. అల్లమండ ఆకులు వెడల్పుగా, కణుపుకు మూడు లేక నాలుగు చొప్పున ఉంటాయి. పువ్వు విశాలంగా విచ్చుకుంటుంది, కాయపై ముళ్ళు ఉంటాయి.

విషప్రభావం

పచ్చ గన్నేరులో థెవీటిన్, పెరువోసైడ్ మొదలైన గ్లైకోసైడులు ఉన్నాయి. విత్తనాలలో వీటి పాళ్ళు ఎక్కువ. ఇవి గుండె కండరాల కణాలలో సోడియం, పొటాషియం రవాణాను అడ్డగించి గుండె లయను దెబ్బతీస్తాయి. వాంతులు, విరేచనాలు, కళ్ళు తిరగడం, నాడి మందగించడం దీని లక్షణాలు. గన్నేరులోని ఒలియాండ్రిన్ కూడా ఈ విధంగానే పనిచేస్తుంది. కనుక పచ్చ గన్నేరు కాదు, గన్నేరే అని తేలినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

తినే కాయ అనుకొని పిల్లలు దీనిని కొరకడం వలన ప్రమాదాలు జరుగుతాయి. అటువంటపుడు లక్షణాలు కనబడే వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఇంటివద్ద వాంతి చేయించరాదు. ఆకులు, పువ్వు, కాయ ఉన్న కొమ్మను వెంట తీసుకుపోతే ఏ మొక్కయో నిర్ధారించుకోవడం వైద్యునికి సులువవుతుంది. డిగాక్సిన్ అనే మందుకు విరుగుడుగా తయారుచేసిన ప్రతిరక్షకాలు ఈ విషానికి కూడా పనిచేస్తాయని శ్రీలంకలో జరిపి 2000 సంవత్సరంలో ప్రచురించిన పరిశోధనలో తేలినది.

పెంపకం

ఈ మొక్క విత్తనాల ద్వారా, కొమ్మ ముక్కల ద్వారా పెరుగుతుంది. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. పశువులు సాధారణంగా దీని జోలికి పోవు కనుక కంచెగా కూడా నాటుతారు. కత్తిరించినపుడు కారే పాలు కళ్ళలో పడకుండా చూసుకోవాలి. కత్తిరించిన కొమ్మలను పశువుల మేతలో కలిసే చోట వేయరాదు, వంటచెరకుగా వాడరాదు.