చూచే చోటు, చేసే చోటు

వాడరేవు అంటే ఓడరేవే. ఓడకు 'వాడ' అన్నది రూపాంతరం. చీరాలకు చేరువలో, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న ఈ తీరానికి సెలవునాడు వచ్చినవారు ఇసుకలో కూర్చుండి కడలిని చూస్తారు. ఆ వేళకే జాలరులు పడవను ఒడ్డుకు లాగుతూనో, వలలు సవరించుకొంటూనో ఉంటారు. తీరం ఒక్కటే. వచ్చినవారికి అది చూచే చోటు. జాలరులకు చేసే చోటు. 'థియేటర్' అనే మాట చరిత్ర ఈ రెండు చోట్ల మధ్యనే నడిచినది.

ఆ మాట గ్రీకు దేశానిది. 'థియాట్రాన్' అంటే చూచే చోటు అని అర్థం. కొండవాలున మెట్లుమెట్లుగా అమర్చిన ప్రేక్షకుల ఆసనాలకే మొదట ఆ పేరు. మన నాట్యశాస్త్రంలోని 'ప్రేక్షాగృహం' అర్థమూ అదే. అయితే ఆ గ్రంథం రెండవ అధ్యాయం చెప్పిన కొలతలు గమనింపదగినవి. 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల గృహాన్ని సరిగా రెండుగా విభజించి, ముందు సగం ప్రేక్షకులకు, వెనుక సగం నటులకు కేటాయించవలెనన్నది. పేరు చూచేవారిదైనా ఇల్లు ఇరువురిదీ.

తెలుగులో మాత్రం చేసేవారి వైపు మాటయే వ్యాపించినది. అది 'రంగం'. నటుడు నిలిచితే రంగస్థలం, వీరుడు నిలిచితే రణరంగం. నేడు విద్యారంగం, వైద్యరంగం, రాజకీయరంగం నిత్యవ్యవహారంలోనివి. సికింద్రాబాదులో ఉజ్జయినీ మహాంకాళి బోనాల మరునాడు ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి వినిపించే ఘట్టానికీ 'రంగం' అనే పేరు.

ఈ మాట బంధుకోటి కూడ చిన్నది కాదు. నేపథ్యమంటే మొదట నటులు వేషం వేసికొనే చోటు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు సత్యభామగా మారినది అక్కడనే. ఆ పదం నేడు కుటుంబ నేపథ్యంగా, నేపథ్యగానంగా విస్తరించినది. ఇక 'తెర'కు నాటకపు తెర అనే అర్థమే కాదు, అల అనే అర్థమూ ఉన్నది. వాడరేవున తెరలు లేస్తాయన్నా, పడుతాయన్నా తప్పులేదు.

ఇంగ్లీషు మాట మనకు రెండు ద్వారాల గుండా వచ్చినది. ఒకటి ఆసుపత్రి. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రికి 1822లో ఏర్పడిన శస్త్రచికిత్సశాలలో విద్యార్థులు మెట్ల వరుసలపై నిలిచి చికిత్సను చూచేవారు. అందుకే దానిని థియేటర్ అన్నారు. నేడు ఆ వరుసలు లేవు. బంధువులు తలుపు బయటనే వేచియుంటారు. చూడ వీలులేని గదికి చూచే చోటు అన్న పేరు నిలిచిపోయినది. రెండవది సినిమా. అక్కడ ఆసనాలున్నవి, తెర ఉన్నది. నటుడు మాత్రం లేడు. మన వాడుకలో థియేటర్ అంటే ఇప్పుడు ముందుగా తోచేది ఈ సినిమాహాలే.

మాట ఒక వైపుకు ఒరిగితే ఆలోచనా ఒరుగుతుంది. రాజకీయరంగం అన్నప్పుడు అది ఎవరో ఆడగా మనము చూచే ఆట అనుకొనే అలవాటు బలపడుతున్నది. వాడరేవుకు పక్కనే ఉన్న చీరాల, పేరాల ప్రజలు అట్లా అనుకొనలేదు. తమకు ఇష్టంలేని పురపాలక సంఘాన్ని, పెరిగిన పన్నులను నిరసిస్తూ 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన వేలాదిమంది ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమనే పేర పాకలు వేసికొన్నారు. ఎండకు, వానకు ఓర్చి సుమారు 11 నెలలు అక్కడనే కాపురమున్నారు. నాయకుడు చెరసాలకు పోయినా వెంటనే వెనుకకు తిరుగలేదు. ఆ రంగంలో వారు ప్రేక్షకులు కారు.

సినిమాహాలును థియేటర్ అనుటలో దోషం లేదు. వస్తువుతో వచ్చిన మాట వస్తువుతోనే ఉండనీయవచ్చును. కాని 'విద్యారంగం' అనే మాటను నల్లబల్లపై వ్రాసే ఉపాధ్యాయుడు పిల్లలను ఒక ప్రశ్న అడుగవచ్చును: ఈ రంగంలో చేసేవారెవరు, చూచేవారెవరు? బల్లలపై కూర్చున్నవారంతా ప్రేక్షకులే అయితే, అక్కడ రంగమన్న మాట చెల్లదు.