రీఫ్ ట్యాంకులో గోరంత నక్షత్రాలు: తీసేయాలా, ఉండనివ్వాలా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నీళ్లంటే మనకు గుర్తొచ్చేవి మంజీరా, నిజాంసాగర్, పోచారం. అన్నీ మంచినీళ్లే. సముద్రం చూడాలంటే వందల కిలోమీటర్లు పోవాలి. అలాంటి చోట కూడా ఇంట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు పెట్టుకోవాలని చాలామందికి ఆశ. పెట్టుకున్న కొన్నాళ్లకు అద్దం మీద గోరంత తెల్లటి నక్షత్రం ఒకటి కనిపిస్తుంది. మనం కొనలేదు, వేయలేదు. మరి ఎక్కడిది?

దీన్ని ఆస్టరీనా అంటారు. రాయికో, పగడానికో అంటుకుని ట్యాంకులోకి వచ్చేస్తుంది. లిఫ్ట్ అడక్కుండానే బండెక్కిన చుట్టం అన్నమాట. పేరు స్టార్ ఫిష్ అయినా ఇది చేప కాదు. మామూలుగా ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు మించదు. ఇది నడిమికి చీలిపోయి, ఒక్కో ముక్కా మిగతా చేతుల్ని మళ్లీ మొలిపించుకుంటుంది. అందుకే రెండు చేతులు పొడుగ్గా, మిగతావి పొట్టిగా కనిపిస్తాయి. దెబ్బ తగిలిందేమో అని జాలిపడకండి, అది పిల్లల్ని పెట్టే పద్ధతే అది!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది మంచిదా, చెడ్డదా? ఆస్టరీనాల్లో చాలా రకాలున్నాయి. ఎక్కువ శాతం అద్దం మీది పాచి, రాళ్ల మీది నాచు తిని బతుకుతాయి. కొన్ని మాత్రం జోయాంతిడ్‌ల వంటి పగడపు జీవుల్ని తింటాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి రంగు చూసి తీర్పు చెప్పలేం. పని చూసి చెప్పాలి.

ఎలా చూడాలి? లైట్లు ఆర్పిన ఒకట్రెండు గంటలకు ఫోన్ టార్చ్ వేసి చూడండి. నక్షత్రాలు అద్దం మీదే ఉంటే ఏ భయమూ లేదు. రోజూ ఒకే పగడం మీద కూర్చుని, అవి లేచిన చోట మాంసం పోయి మచ్చ మిగులుతుంటే అనుమానించండి. రోజూ ఒకే కోణంలో ఫోటో తీసుకుంటే వారంలో తేలిపోతుంది. అప్పటికే చచ్చిపోతున్న పగడాన్ని శుభ్రం చేయడానికి కూడా ఇవి చేరతాయి. అందుకే తొందరపడొద్దు.

తీసేయాలనుకుంటే పట్కారుతోనో, సన్నటి పైపుతోనో ఒక్కొక్కటిగా తీయండి. ట్యాంకులో నలిపి ముక్కలు చేయొద్దు, ముక్క మళ్లీ నక్షత్రం కావొచ్చు. ఒక్కసారిగా వందలకొద్దీ పెరిగాయంటే తిండి ఎక్కువైందని అర్థం. చేపలకు వేసే మేత తగ్గించండి.

హార్లెక్విన్ రొయ్యను తెచ్చి వేయమని కొందరు సలహా ఇస్తారు. అది నక్షత్రాల్ని బాగానే తింటుంది. కానీ అది తినేదే నక్షత్రాల్ని. ఇవి అయిపోయాక ఆకలితో చస్తుంది. రాగి మందులు అసలే వాడొద్దు. నక్షత్రాలతోపాటు రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ పోతాయి.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. పురుగు పోవాలని రాయిని ఎప్పుడూ మరిగించకండి. కొన్ని జోయాంతిడ్‌లలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. మరిగిస్తే ఆవిరితోపాటు ఇల్లంతా వ్యాపిస్తుంది. విదేశాల్లో ఇలా కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలయ్యాయి. రాళ్లు ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజు, కంటికి అద్దాలు పెట్టుకోండి.

తీసిన నక్షత్రాన్ని ఏం చేయాలి? చెరువులో మాత్రం వేయకండి. ప్రపంచంలో మంచినీటిలో బతికే నక్షత్రమే లేదు, అందులో పడితే చస్తుంది. కానీ అలవాటు మంచిది కాదు. అక్వేరియంలో అద్దం శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న సక్కర్ చేప ఇలాగే నీళ్లలోకి చేరింది. ఇప్పుడు మన జాలరులు దాన్ని దయ్యం చేప అంటున్నారు, దాని ముళ్లకు వలలు చిరుగుతున్నాయి. ట్యాంకు నీళ్లు కూడా పొలంలోనో, మొక్కల్లోనో పోయొద్దు. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పది లీటర్లు మారిస్తే 350 గ్రాములు, మట్టికి అంత ఉప్పు మంచిది కాదు.

చివరగా, కొనే ముందే ఆలోచించండి. మన దేశంలో గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులితో సమానమైన రక్షణ. సముద్రంలోంచి పీకిన పగడం ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. సిరామిక్ రాళ్లతోనూ ట్యాంకు అందంగానే ఉంటుంది, వాటితో పిలవని చుట్టాలూ తక్కువే వస్తారు.

మీ ట్యాంకులో నక్షత్రం కనిపిస్తే ముందు వారం రోజులు చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి.