తామరకు పైపూత మందు: దురద తగ్గుట వేరు, రోగం నయమగుట వేరు

వికారాబాదు జిల్లాలో తాండూరుకు చేరువన ఉన్న కరణ్‌కోట పేరు వినగానే సిమెంటు కర్మాగారం జ్ఞప్తికి వస్తుంది. తాండూరు ప్రాంతమంతా నాపరాళ్ళకు, కందిపంటకు ప్రసిద్ధి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో రాతి గనిలోనో, కర్మాగారంలోనో, చేనులోనో పనిచేసి చెమటతో తడిసిన బట్టలతో ఇల్లు చేరేవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. ఇంటిలో పొయ్యి వద్ద నిలబడే గృహిణికి కూడ నడుము చుట్టూ చీర, లంగా బొందు బిగిసిన చోట చెమట ఆరదు. చర్మం ఎక్కడ తడిగా, వెచ్చగా, గాలి తగలక ఉండునో అక్కడ తామర వచ్చుటకు అవకాశం ఎక్కువ.

తామరను గుర్తించడం ఎలా?

తామర శిలీంధ్రం వలన, అనగా బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి వలన కలిగే అంటువ్యాధి. మన ప్రాచీన వైద్యులు దీనిని ‘దద్రు’ అని పేర్కొన్నారు. చరకుడు దీనిని క్షుద్రకుష్ఠాలలోను, సుశ్రుతుడు మహాకుష్ఠాలలోను చేర్చారు. గజ్జలలో, నడుము వద్ద, పిరుదులపై, చంకలలో గుండ్రని మచ్చలు లేచి, అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ కొంత మానినట్లు కనిపించడం, విపరీతమైన దురద కలగడం దీని లక్షణాలు.

అయితే ప్రతి దురదా తామర కాదు. తడి సిమెంటు క్షారగుణం కలది. దానిలోని క్రోమియం కొందరి చర్మానికి సరిపడదు. దానివలన చేతులు పగిలి దురద పెట్టినచో తామర మందు పనిచేయదు. అట్లే దురద లేక స్పర్శ కోల్పోయిన మచ్చ కనిపించినచో అది కుష్ఠువ్యాధి కావచ్చును. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకొనవలెను. అక్కడ చికిత్స ఉచితం.

రెండు రోజులలో దురద తగ్గించే ట్యూబు

దురద భరించలేక మందుల దుకాణానికి వెళ్ళి “ఏదైనా మంచి ట్యూబు ఇవ్వండి” అని అడిగి తెచ్చుకొనడం మనకు అలవాటు. దానిని పూయగానే రెండు రోజులలో దురద, ఎరుపు మాయమవుతాయి. మందు దివ్యంగా పనిచేసిందని మురిసిపోయి మానివేస్తాము. పదిరోజులకు మచ్చ మరల లేచి, ఈసారి రెండింతలు వ్యాపిస్తుంది. మరల అదే ట్యూబు తెస్తాము. ఎందుకిట్లు జరుగుతుంది?

అటువంటి పలు లేపనాలలో శిలీంధ్రనాశక ఔషధంతో పాటు స్టెరాయిడ్ కూడ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ దురదను, వాపును అణచివేయును గాని శిలీంధ్రాన్ని చంపదు. పైగా చర్మానికి గల సహజ రక్షణశక్తిని తగ్గించి, రోగం లోలోపల పాకుటకు దారి ఇస్తుంది. ఉంగరం వంటి అంచు చెరిగిపోవడం వలన వైద్యునికి సైతం రోగనిర్ణయం కష్టమవుతుంది. దీర్ఘకాలం వాడినచో చర్మం పలుచబడి, గజ్జలలో, తొడలపై చారలు పడతాయి. ఆ చారలు తిరిగి పోవు.

కావున కొనుటకు ముందు ట్యూబుపై ఉన్న పేర్లు చదువవలెను. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, బెక్లోమెథసోన్ అను పేర్లలో ఏది కనిపించినా అందు స్టెరాయిడ్ ఉన్నదని గ్రహించవలెను. పైపూతగా వాడే పలు స్టెరాయిడ్లను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన విధించినది. ఇదివరకే నెలల తరబడి అటువంటి లేపనం వాడుతున్నవారు వైద్యుని సలహాపై మానుట మేలు. హఠాత్తుగా మానినచో మంట, దురద తీవ్రం కావచ్చును.

వాడవలసిన పద్ధతి

తామరకు క్లోట్రిమజోల్ వంటి శిలీంధ్రనాశక ఔషధం మాత్రమే గల లేపనం తగినది. వాడుటలో ‘రెండు’ అను అంకెను గుర్తుంచుకొనవలెను.

1. రోజుకు రెండు పూటలా పూయవలెను. రోజుకు ఒకసారి చాలునని ట్యూబుపై ఉన్నచో, లేక వైద్యుడు చెప్పినచో అట్లే చేయవలెను.

2. మచ్చపైననే గాక, అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర పూయవలెను. కంటికి కనిపించని శిలీంధ్రం అక్కడ దాగి ఉండును.

3. మచ్చ పూర్తిగా పోయిన తరువాత కూడ రెండు వారాలు కొనసాగించవలెను. రుణశేషం, అగ్నిశేషం, రోగశేషం మిగల్చరాదని పెద్దల మాట.

స్నానానంతరం చర్మాన్ని పొడిగా తుడిచి, ఆరిన పిదప పలుచగా పూయవలెను. చూపుడువేలి కొన నుండి మొదటి గణుపు వరకు పిండిన మందు ఇంచుమించు అర గ్రాము. అది రెండు అరచేతులంత చర్మానికి చాలును. పూసిన పిదప చేతులు కడుగుకొనవలెను. కంటికి, నోటికి తగలనీయరాదు. తీవ్రమైన మంట, బొబ్బలు కలిగినచో వెంటనే ఆపివేయవలెను.

వంటింటి వైద్యం ఎంతవరకు?

చక్రమర్దమునకు సంస్కృతంలో ‘దద్రుఘ్నము’ అను పేరు కలదు. తామరను చంపునది అని దాని అర్థం. మన పల్లెలలో తగిరిస, తంటెము అని పిలిచే మొక్క ఇదే. దీని గింజలను పుల్లని మజ్జిగతో నూరి పూయడం పూర్వాచారం. అయితే పుండు పడిన, రసి కారుతున్న చర్మంపై దీనిని వాడరాదు. లేపనంపై మరొక లేపనం పూయరాదు. వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం రుద్దడం వలన చర్మం కాలి, రోగం కంటె పుండే పెద్ద బాధ అగును. మచ్చలు శరీరమంతా వ్యాపించినచో ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు.

ఇంటిల్లిపాదీ పాటించవలసినవి

ఒకరి తువాలు, దుప్పటి, లోదుస్తులు మరొకరు వాడరాదు. రోగి బట్టలను వేడినీటిలో వేరుగా ఉతికి, తిరగవేసి ఎండలో ఆరవేయవలెను. మొలత్రాడు సదా తడిగా ఉండి శిలీంధ్రానికి ఆశ్రయమిచ్చును. చికిత్సాకాలంలో దానిని తీసివేయుట మంచిది. బిగుతైన బట్టలు మాని వదులైన నూలు బట్టలు ధరించవలెను. ఇంటిలో ఎందరికి దురద ఉంటే అందరూ ఒకేసారి చికిత్స పొందవలెను. లేనిచో ఒకరి నుండి మరొకరికి తిరిగి అంటుచునే ఉండును.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

తలలోను, గోళ్ళలోను తామర ఉన్నచో పైపూత చాలదు. సామాన్యంగా కడుపులోకి మందు అవసరమగును. పసిపిల్లలు, గర్భిణులు, మధుమేహ రోగులు సొంత వైద్యం చేసికొనరాదు. తామర తరచుగా తిరగబెట్టేవారు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. నాలుగు వారాలు సక్రమంగా పూసినా తగ్గనిచో చర్మవైద్యుని సంప్రదించవలెను. మన దేశంలో నేడు మొండి తామర విస్తరించినది. దానికి కారణమైన ఒక శిలీంధ్రానికి 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఈ జాతిలో చాలావి టెర్బినాఫిన్ అను ప్రసిద్ధ ఔషధానికి లొంగుట లేదు.

చెమటోడ్చి సంపాదించిన డబ్బును ట్యూబు తరువాత ట్యూబుకు ధారపోయుట కంటె, ఒకసారి పేరు చదివి, సరియైన మందును సరియైనన్ని రోజులు పూయుట మేలు. దురద తగ్గిన రోజున చికిత్స ముగిసినట్లు కాదు, సగమే జరిగినట్లు.