వెన్నెల కుప్పలు: రాత్రి ఆటకు హద్దు గీసిందెవరు?

శుద్ధ పంచమి దాటి, పొద్దు గూకేసరికే నడినెత్తి ప్రాంతాన చంద్రుడు నిలబడి వుండే రోజులు వస్తే, ఒకప్పుడు కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో పిల్లలకు గడప లోపల కాలు నిలిచేది కాదు. సంగటి ముద్ద గొంతు దిగీ దిగకముందే వీధిలోనుంచి కేక వినబడేది. రచ్చకట్ట దగ్గర ఇరవై ముప్పయిమంది పోగయ్యేవారు. జట్లు రెండు. ఆట స్థలం ఊరంతా. ఆట పేరు వెన్నెల కుప్పలు.

సరంజామా ఏమీ అక్కరలేని ఆట ఇది. గుప్పెడు ఇసుకో, వీధి దుమ్మో చాలు. ఊరిని రెండు భాగాలు చేసుకొని చెరో దిక్కుకు పోవాలి. ఎదుటి జట్టు కంటబడకుండా చిన్న చిన్న మట్టి కుప్పలు పెట్టి రావాలి. గోడ మొదట్లో, బండి చక్రం చాటున, రోలు పక్కన, జొన్నచొప్ప వామి నీడలో, పాడుబడిన బురుజు రాళ్ళ సందున ఎక్కడైనా పెట్టవచ్చు. గడువు తీరిందని కేక వేయగానే జట్లు దిక్కులు మార్చుకుంటాయి. ఎదుటివారి కుప్పలు వెతికి పట్టి కాలితో చెరిపివేయాలి. చెరపగా మిగిలినవే లెక్కకు వస్తాయి. ఎవరి కుప్పలు ఎక్కువ మిగిలితే వారిదే గెలుపు. లెక్క దగ్గర తగవు మామూలే. ‘ఇది కుప్ప కాదబ్బీ, కోడి గీకిన మన్ను’ అని ఒకరు, ‘నా చేత్తో నేనే పెట్టినా’ అని ఇంకొకరు. రచ్చకట్ట మీద పడుకున్న పెద్దాయన ఎవరో లేచి కూర్చొని తీర్పు చెప్పేదాకా అది తెగేది కాదు. ఆ తగవు లేని నాడు ఆట ఆడినట్టే వుండదని అనుభవజ్ఞులకు తెలుసు.

వెతకడంతో తనివి తీరని పెద్ద పిల్లలకు దొంగా-పోలీసు ఆట వుండేది. పోలీసులు కళ్ళు మూసుకొని అంకెలు లెక్కపెట్టేలోగా దొంగలు ఊళ్ళోకి చెదిరిపోవాలి. దొరికినవాణ్ణి తెచ్చి ఠాణాలో, అంటే ఏ వేపచెట్టు కిందనో, నిలబెడతారు. ఇంకా దొరకని దొంగ ఎవడైనా చాటుగా వచ్చి వాణ్ణి తాకితే విడుదల అయినట్టే. అందుచేత ఈ ఆటలో దాక్కుంటే చాలదు, తోటివాడి కోసం తిరిగి రావాలి. అసలు పరుగు అక్కడే వుంది.

ఆ పరుగుకు మన మిద్దెలు బాగా కలిసివచ్చాయి. రాయలసీమ పల్లెల్లో రాతిగోడల మీద దూలాలు పరచి, పైన చౌడుమన్ను తొక్కించి కట్టిన పాత మిద్దె ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని వుండేవి. ఒక మిద్దె ఎక్కినవాడు నేల మీద కాలు పెట్టకుండానే వీధి చివర దిగగలిగేవాడు. కింద ఇంటివాళ్ళ నెత్తిన మన్ను రాలేది. ‘ఎవర్రా మిద్దె మీద? గవాక్షిలో పడతారు, జాగ్రత్త!’ అని అవ్వ అరిచేది. తిట్టులోనూ జాగ్రత్త చెప్పడం మన అవ్వల పద్ధతి. వెలుతురు కోసం మిద్దెకు విడిచిన గవాక్షి ఏ ఇంటికి ఎక్కడ వుందో, ఏ మిద్దె మెత్తబడిందో, ఏ సందు ఎక్కడ మూసుకుపోతుందో పిల్లవాడికి పదేళ్ళకే కంఠతా వచ్చేది. పగలు చూసి నేర్చుకున్నది కాదది, రాత్రి కాళ్ళతో నేర్చుకున్నది.

ఆటకు నెలలో పది రోజులే వుండేవి. పున్నమినాడు చంద్రుడు పొద్దు గూకే వేళకే పొడుస్తాడు. ఆ తరువాత రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాడు. పున్నమి దాటిన నాలుగో రాత్రికి చంద్రోదయం కోసం కాచుకుంటే పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. ఇక నేల సంగతి. సాలుకు 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వానపడే ఈ సీమలో ఏడాదిలో ఎక్కువ రాత్రులు వీధులు పొడిగానే వుంటాయి. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి పల్లెల్లో మాత్రం వాన పడిందంటే ఆట బంద్. అడుగడుగుకూ సేరు మన్ను కాలికి అంటుకుంటే పరుగెక్కడిది?

ఇదంతా పల్లెటూరి పాత ముచ్చట అని పట్నంవాసులు అనుకోవచ్చు. కానీ అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో 2006లో కొందరు యువకులు ‘జర్నీ టు ది ఎండ్ ఆఫ్ ది నైట్’ అనే పేరుతో అచ్చం ఇలాంటి ఆటనే మొదలుపెట్టారు. తెలుగులో చెప్పాలంటే రాత్రి అంచుదాకా ప్రయాణం. ఆడేవారు పిల్లలు కారు, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళు. చేతికి రంగు రిబ్బను కట్టుకొని, నగరంలో ముందుగా చెప్పిన మజిలీలన్నీ వరుసగా చేరాలి. నడిచి, లేదా పరుగెత్తి పోవాలి. సిటీ బస్సు ఎక్కవచ్చునేమో గాని, సొంత వాహనం ఎక్కకూడదు. వెంటాడేవారి రిబ్బను రంగు వేరు. వారి చేతికి చిక్కినవాడు వారిలో కలిసి, అంతవరకూ తనతో పరుగెత్తిన స్నేహితులనే తరమాలి. మజిలీల దగ్గర కొంత మేర ఎవరూ పట్టుకోరాదు. మన నేల-బండ ఆటలో బండ ఎక్కినవాణ్ణి ముట్టుకోరాదన్నట్టే ఇదీ. ఆట ఉచితం. క్రమంగా ఇతర నగరాలకూ పాకింది.

వాళ్ళకు రిబ్బను కావలసి వచ్చింది ఒకరినొకరు ఎరుగరు గనుక. మన పిల్లలు నడకను బట్టి, దగ్గును బట్టి, చీకట్లో మనిషిని పోల్చుకునేవారు. ఈ తేడా మనకు గర్వకారణమే. అయితే గర్వపడి ఊరుకుంటే సరిపోదు, మన ఆటకున్న హద్దు ఎంతో కూడా చూడాలి.

ఊరంటే ఎంత?

ఆట మొదలుపెట్టే ముందు హద్దు చెప్పుకోవడం ఆనవాయితీ. ‘పడమర బురుజు, తూర్పున చెరువుకట్ట, ఇటు వంక, అటు కళ్ళాలు. దాటితే ఔట్.’ వినడానికి ఊరంతా హద్దులోనే వున్నట్టుంటుంది. కానీ ఎన్నో పల్లెల్లో ఆ హద్దు వాడకు ఇవతలే ఆగేది. దళితవాడ పిల్లలు తమ వాడలో తాము ఆడుకునేవారు, ఊళ్ళో పిల్లలు ఊళ్ళో. పరుగులో వున్నవాడు ఎవరి పంచలోనైనా దూరాలి, ఎవరి మిద్దెనైనా ఎక్కాలి, ఎవరి తొట్టి పక్కనైనా నక్కాలి. అందరి పిల్లలకూ ఆ చనువు లేదు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవారే రాత్రయ్యేసరికి రెండు వేరు వేరు ఆటలు ఆడుకున్నారు. వెన్నెల ఆటల గురించి ముచ్చటగా రాసేవారు ఈ మాటను సాధారణంగా దాటవేస్తుంటారు.

ఆడపిల్లలకు హద్దు మరో రకం. తొమ్మిదీ పదేళ్ళదాకా అన్నతో పాటు కుప్పలు పెట్టినవారే. తరువాత ఒకనాటి నుంచి ‘అమ్మీ, ఇంక చాలు’ అన్న పిలుపు వచ్చేది. ఆపైన చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, గచ్చకాయలు, అన్నీ ఇంటి ముంగిట్లోనే. ఊరిని కాళ్ళతో నేర్చుకోవడం వారికి సగంలోనే ఆగిపోయింది.

ఇక ఈ రెండు జిల్లాల్లో మరో హద్దు కూడా వుంది. దాన్ని గీసింది ఫ్యాక్షన్. 1980లలో, 1990లలో కక్షలున్న గ్రామాల్లో రాత్రిపూట పరుగెత్తే అడుగుల చప్పుడుకు అర్థం మారిపోయింది. మిద్దె మీద అలికిడి అయితే ‘ఎవర్రా?’ అని తిట్టే అవ్వ, ఊపిరి బిగబట్టి లాంతరు ఆర్పే రోజులు వచ్చాయి. ఊరు రెండు వీధులుగా చీలింది. ఈ వీధి పిల్లవాడు ఆ వీధికి పోకూడదు. గడ్డివాముల్లో, వంక గట్లలో దాచిన నాటుబాంబులను బంతులనుకొని పట్టుకొని గాయపడిన పిల్లల వార్తలు ఈ ప్రాంతపు పత్రికా పాఠకులకు కొత్తవి కావు. వెన్నెల కుప్ప దాచే చోట్లూ బాంబు దాచే చోట్లూ ఒకటే అయినప్పుడు ఏ తల్లి బిడ్డను బయటకు పంపుతుంది? ఎన్నో కుటుంబాలు ఇండ్లకు తాళాలు వేసి కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు చేరుకున్నాయి. 2000 తరువాత కక్షలు క్రమంగా సద్దుమణిగాయి. కానీ ఆట మాత్రం చాలా ఊళ్ళలో తిరిగి రాలేదు. నేర్పవలసిన తరం మధ్యలో తెగిపోవడమే కారణమని తోస్తుంది.

దేవరగట్టు వంటి రాత్రి వుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో దసరానాటి అర్ధరాత్రి మాళమల్లేశ్వరస్వామి కల్యాణం తరువాత ఉత్సవమూర్తుల కోసం చుట్టుపక్కల గ్రామాల వేలాదిమంది దివిటీలతో, కర్రలతో కొండ చుట్టూ తిరుగుతారు. పోలీసులు ఎంతమంది మోహరించినా గాయాలు తప్పడం లేదు, ప్రాణాలూ పోయాయి. అది నమ్మకానికి సంబంధించిన విషయం. పిల్లలాట దాని ముందు ఏపాటిదని అనిపించవచ్చు. అయినా రాత్రిపూట కర్ర లేకుండా కలిసి పరుగెత్తడం కూడా ఈ సీమకు తెలిసిన విద్యేనని చెప్పుకోవడానికి మనకు మిగిలింది ఆ ఆటే.

దీపం తప్పు కాదు

ఆట పోవడానికి టీవీ, సెల్‌ఫోను, వీధి దీపాలు కారణమని అందరూ అనే మాటే. అందులో నిజం లేకపోలేదు. తెల్లటి ఎల్ఈడీ వెలుగులో నీడ పలచబడింది, దాక్కునే చోటు తగ్గింది. పాత మిద్దెల స్థానంలో స్లాబు ఇండ్లు, ప్రహరీ గోడలు, మెట్లకు గేట్లు వచ్చాయి. అయినా దీపాన్ని తిట్టడం న్యాయం కాదు. తేలు, పాము భయం తగ్గింది దానివల్లే. రాత్రి నీళ్ళకు పోయే ఆడవాళ్ళకు ధైర్యం వచ్చిందీ దానివల్లే.

పడమటి మండలాల్లో అసలు కారణం వేరు. ఆలూరు, ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు వానలు మొగం చాటేసిన ఏడాది పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు ప్రాంతానికి సుగ్గికి పోతారు. మొగుడూ పెళ్ళాం మాత్రమే కాదు, బడి మాన్పించి పిల్లలనూ తీసుకుపోతారు. చలికాలమంతా ఆ ఊళ్ళలో తాళాలు, తాళాల ముందు కూర్చున్న ముసలివాళ్ళు కనిపిస్తారు. రెండు జట్లకు సరిపడా పిల్లలు ఊళ్ళో లేనప్పుడు పున్నమి వచ్చినా ఒకటే, అమావాస్య వచ్చినా ఒకటే. ఎండాకాలానికి అందరూ తిరిగి వస్తారు. మే నెల సెలవుల్లో ఐస్‌బాయ్ ఆడే పిల్లల కేకలు ఇప్పటికీ కొన్ని వీధుల్లో వినబడుతున్నాయంటే కారణం అదే. కుప్పల ఆట ఎరిగిన తాతలూ అవ్వలూ వేసవి రాత్రుల్లో వీధిలో మంచం వేసుకొని అక్కడే వుంటారు. నేర్పేవారు లేక కాదు, అడిగేవారు లేక ఆగిపోయింది.

ఆడించదలచిన ఊరు చేయవలసిన పని ఒకటుంది. పగటిపూట పెద్దలు నలుగురు హద్దంతా ఒకసారి నడిచి రావాలి. గట్టు కూలిన దిగుడుబావులకు ముళ్ళకంచె వేయాలి. ఎండిపోయిన బోర్లకు మూత వుందో లేదో చూడాలి. వాడని బోరును పూడ్చాలని, మూయాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కరువు వచ్చిన ప్రతిసారీ కొత్త బోరు వేసే మన ప్రాంతంలో అవి ఎంతవరకు అమలవుతున్నాయో పొలాల్లోకి పోతేనే తెలుస్తుంది. పిల్లలు చెప్పులు లేకుండా పరుగెత్తరాదు. వామి సందుల్లో చెయ్యి పెట్టరాదు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, కాటు నొప్పి కూడా అంతగా తెలియదు. అనుమానం వస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం మాని నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు మందు అక్కడే దొరుకుతుంది.

హద్దు చూడబోయే ఆ నలుగురిలో కాలనీ నుంచి ఒకరు వుండాలి, ఆడమనిషి ఒకరు వుండాలి. నడక కాలనీ చివరి ఇంటిదాకా పోయి రావాలి. అప్పుడు హద్దు ఎంతవరకో పిల్లలకు విడిగా చెప్పనక్కరలేదు.