మరిగే నీటి బుడగల్లో ఏముంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండని వార్డెన్ గారు అడిగినప్పుడు, మేము మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాము. అవి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నీళ్ళ పప్పుచారు గురించి, కరెంటు పోయిన స్టడీ అవర్ల గురించి మాకంటే బాగా రాసిన అన్నలున్నారు. అందుకని మేము చదువుకున్న రసాయనశాస్త్రం గురించే నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము. మేమంటే ఇద్దరం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లో పక్కపక్క ట్రంకు పెట్టెల వాళ్ళం. రెండు ఇళ్ళలోనూ డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనుషులం. ఈ ఏడాదే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాము.

ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్లో ఒక రోజు మేడం గారు పాఠం ఆపి, "నీళ్ళు తెర్లుతున్నప్పుడు అడుగు నుంచి పైకి వచ్చే పెద్ద పెద్ద బుడగల్లో ఏముంటుంది?" అని అడిగారు. మాలో ఒకడు లేచి "హైడ్రోజన్, ఆక్సిజన్ మేడం" అన్నాడు. రెండోవాడు "గాలి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంటర్లో కెమిస్ట్రీలో మాకు 60కి 58, 57 వచ్చాయి. అయినా ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. ఆ బుడగల్లో ఉండేది నీరే, ఆవిరి రూపంలో ఉన్న నీరు. (నీళ్ళు వేడెక్కడం మొదలైనప్పుడు గిన్నె గోడలకు అంటుకుని కనిపించే చిన్న బుడగలు మాత్రం నీటిలో కరిగి ఉన్న గాలివి. కాబట్టి రెండోవాడు సగం తప్పించుకున్నాడు.)

మమ్మల్ని బాధపెట్టింది నవ్వు కాదు. ఐదేళ్ళు ఈ హాస్టల్ వంటశాలలో గుండిగ పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాము. నీళ్ళు తెర్లడం మాకంటే ఎక్కువసార్లు చూసినవాళ్ళు ఆ క్లాసులో ఉండరు. నీటి ఫార్ములా హెచ్ టూ ఓ అని ఏడో తరగతిలోనే బట్టీ పట్టాము. చూసిన నీళ్ళకూ, రాసిన ఫార్ములాకూ మధ్య ఏం జరుగుతోందో మాత్రం ఎన్నడూ ఊహించలేదు. ఊహించమని ఎవరూ అడగలేదు కూడా.

తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఇది మా ఇద్దరి జబ్బే కాదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ అనే ఆచార్యుడు రసాయనశాస్త్రానికి మూడు అంతస్తులుంటాయని చెప్పాడు. కంటికి కనిపించేది ఒకటి: నీళ్ళు మరగడం, రంగు మారడం, అవక్షేపం ఏర్పడడం. కంటికి కనిపించని కణాలది రెండోది: అణువులు కదలడం, విడిపోవడం, కలవడం. మూడోది కాగితం మీదిది: సంకేతాలు, సమీకరణాలు, లెక్కలు. రసాయనశాస్త్రం తెలిసినవాడు ఒక్క వాక్యంలో ఈ మూడింటి మధ్యా ఎక్కి దిగుతూ ఉంటాడు. కొత్తగా నేర్చుకునేవాడికి అక్కడే ఊపిరాడదు. మన బడుల్లో మూడో అంతస్తే పాఠం. ల్యాబు ఉండి, అలమారా తాళం చెవి దొరికిన రోజున మొదటి అంతస్తు కొంచెం కనిపిస్తుంది. రెండోదానికి మెట్లే లేవు.

ఆ మెట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. అది చెప్పడానికే ఈ వ్యాసం.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ అనే భౌతికశాస్త్రవేత్త ఉండేవాడు. 2001లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2002లో, ఆయన 'ఫెట్' అనే పథకం ప్రారంభించాడు. బహుమతి డబ్బులో కొంత దానికే పెట్టాడు. మొదట భౌతికశాస్త్రానికే అనుకున్నది తరువాత రసాయన, జీవ, గణిత శాస్త్రాలకూ విస్తరించింది. ఇందులో ఉండేవి సిమ్యులేషన్లు. అంటే తెర మీద మన చేత్తో కదిలించి, మార్చి, ఏం జరుగుతుందో చూడగలిగే బొమ్మలు. వీడియో అయితే మనం చూస్తూ కూర్చోవాలి. ఇది మనం ఏమీ చేయకపోతే పెద్దగా ఏమీ చెప్పదు. డబ్బు కట్టనక్కరలేదు, పేరు నమోదు చేయనక్కరలేదు. కొన్నిటికి తెలుగు అనువాదం కూడా ఉంది.

క్లాసులో నవ్వులపాలైన ఆ రాత్రి మేము ఫోన్లో తెరిచింది 'స్టేట్స్ ఆఫ్ మేటర్' అనే సిమ్యులేషన్. ఒక డబ్బాలో నీటి అణువులు కొన్ని ఉంటాయి. ఒక ఎర్ర బంతి, దానికి అటూ ఇటూ రెండు తెల్ల బంతులు. కింద వేడి, చల్లదనం మార్చే మీట. వేడి పెంచేకొద్దీ ఒకదానికొకటి అంటుకుని దొర్లుతున్న అణువులు ఊగిపోయి, విడివడి, డబ్బా అంతా ఎగరడం మొదలుపెట్టాయి. మేము కళ్ళార్పకుండా చూసింది ఒక్కటే. ఏ ఎర్ర బంతి నుంచీ తెల్ల బంతి ఊడిపోలేదు. అణువు నుంచి అణువు విడిపోయింది గానీ, అణువు విరగలేదు. మరగడమంటే అంతే. నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విరగగొట్టాలంటే విద్యుత్తు పంపడం లాంటి వేరే పని చేయాలి, పొయ్యి మంట చాలదు. మళ్ళీ బాగా చల్లార్చితే అణువులు మధ్యలో ఖాళీలు వదిలి పేర్చుకుంటాయి. మంచు నీటి మీద ఎందుకు తేలుతుందో ఒక పేరా బట్టీ పట్టి రాసిన మాకు ఆ ఖాళీలు చూశాక పేరా అవసరం లేకపోయింది.

ఈ ఏడాది ఎండాకాలం ముందు కొన్ని ఆదివారాలు మేము హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్ళతో కూర్చున్నాము. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి, చుట్టూ తొమ్మిది, పది తరగతుల వాళ్ళు. మొదట బుడగల ప్రశ్నే అడిగాము. చాలామంది మాలో మొదటివాడి జవాబే చెప్పారు, మాకు ధైర్యం వచ్చింది. సిమ్యులేషన్ చూపించాక వంటశాలకు తీసుకువెళ్ళి, తెర్లుతున్న ఎసరు పైన చల్లటి స్టీలు పళ్ళెం పట్టాము. పళ్ళెం అడుగున చుక్కలు పేరుకున్నాయి. "నిజంగా హైడ్రోజనే వస్తుంటే ఇంత మంట పక్కన మన వంటశాల ఉండేదా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. అది మాకే తట్టలేదు.

సమీకరణాలను తుల్యం చేయడం దగ్గర అందరం ఒకేలా తప్పుతాము. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే సమీకరణంలో కుడివైపు ఒక ఆక్సిజన్ తక్కువైందని, నీటి ఫార్ములాలోనే ఓ పక్కన చిన్న 2 వేసేసేవాళ్ళం. లెక్క సరిపోయేది, మార్కు పోయేది. ఎందుకు పోయిందో తెలిసేది కాదు. ఆ చిన్న 2 వేయగానే అది నీరు కాకుండా పోయి, హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. గాయాలు కడగడానికి వాడే మందు అది. ఫెట్‌లో 'బ్యాలెన్సింగ్ కెమికల్ ఈక్వేషన్స్' తెరిస్తే ఫార్ములా ముందుండే గుణకాన్ని మాత్రమే మార్చనిస్తుంది. ఫార్ములా లోపలి పాదాంకం జోలికి పోవడానికి అక్కడ బాణం గుర్తే లేదు. గుణకం పెంచినప్పుడల్లా ఒక కొత్త అణువు మొత్తంగా వచ్చి నిలబడుతుంది. పక్కన త్రాసులో రెండు వైపులా పరమాణువులు చేరి మొగ్గు చూపిస్తాయి. అణువు ఏమిటో మార్చకూడదు, ఎన్ని అణువులో మార్చవచ్చు అన్న నియమం చేతికి తెలిసిపోతుంది.

'రియాక్టెంట్స్, ప్రోడక్ట్స్ అండ్ లెఫ్ట్‌ఓవర్స్' అనేది ఇంకా సరదాగా ఉంటుంది. మొదట శాండ్‌విచ్‌లతో మొదలుపెడతారు: రెండు రొట్టె ముక్కలు, ఒక జున్ను ముక్క. మన తమ్ముళ్ళకు శాండ్‌విచ్ కంటే గుడ్ల రోజు బాగా తెలుసు. పళ్ళేనికి ఒక గుడ్డు, రెండు చపాతీలు అనుకుందాం. గుడ్లు 50, చపాతీలు 90 ఉన్నాయి. ఎన్ని పళ్ళేలు నిండుతాయి? నలభై ఐదు. ఐదు గుడ్లు మిగులుతాయి. గుడ్ల కంటే చపాతీలే ఎక్కువున్నా, ముందు అయిపోయినవి చపాతీలే. పరిమిత క్రియాజనకం అంటే ఇదే, సంఖ్యలో తక్కువున్నది కాదు, పాలు ప్రకారం చూస్తే ముందు అయిపోయేది. తరువాత అణువులకు వెళ్ళి, 5 హైడ్రోజన్ అణువులకు 2 ఆక్సిజన్ అణువులు ఇస్తే 4 నీటి అణువులు వచ్చి 1 హైడ్రోజన్ మిగలడం చూస్తారు. ఇంటర్లో మమ్మల్ని ఏడిపించిన అధ్యాయం ఇది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాము. 'బిల్డ్ యాన్ ఆటమ్'లో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు గిన్నెల్లోంచి తీసి నియాన్ దాకా పరమాణువులు కట్టవచ్చు. ప్రోటాన్ మారితే మూలకం పేరే మారుతుంది, ఎలక్ట్రాన్ మారితే అయాన్ అవుతుంది. 'పీహెచ్ స్కేల్'లో పాలు, కాఫీ, సబ్బుతో పాటు వాంతి కూడా ఉంది, దాన్ని చూసి అరగంట నవ్వారు. ఆమ్లానికి ఎంత నీరు కలిపినా పీహెచ్ 7 వైపు జరుగుతుందే తప్ప దాన్ని దాటి క్షారం కాదన్నది అక్కడ చూడాల్సిన విషయం. 'గ్యాస్ ప్రాపర్టీస్'లో పంపు కొట్టి కొట్టి మూత ఎగరగొట్టడమే మొదటి ఆదివారం అంతా జరిగింది.

ఆ ఆదివారం తరువాత మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. మీట ముట్టుకునే ముందు ఏం జరుగుతుందో ప్రతివాడూ నోటు పుస్తకంలో రాయాలి. కొట్టివేత ఉండకూడదు. తప్పైతే తప్పని పక్కన రాయాలి. ఇది లేకపోతే సిమ్యులేషన్ వీడియో గేమే. రాసి ఉంచిన తప్పు ఎదురుగా ఉంటే మాత్రం, తెర మీద జరిగింది ఎందుకు జరిగిందో అడగకుండా ఉండలేరు.

ఈ బొమ్మలు కూడా అబద్ధం చెబుతాయి, ఆ సంగతీ చెప్పాలి. రెండో ఆదివారం ఒక తమ్ముడు "ఆక్సిజన్ ఎర్రగా ఉంటుంది కదన్నా" అన్నాడు. ఆ ఎరుపు, తెలుపు మనుషులు గుర్తు కోసం పెట్టుకున్న రంగులు. విడి పరమాణువుకు రంగు లేదు, గట్టి బంతిలా అంచూ లేదు. కొలతలూ అంతే. పరమాణువు దాని కేంద్రకం కంటే పదివేల నుంచి లక్ష రెట్లు పెద్దది. కేంద్రకాన్ని ఆవగింజంత గీస్తే పరమాణువు గీయడానికి పుస్తకం కాదు, మన హాస్టల్ ఆవరణ కావాలి. ఇక సంఖ్య. తెర మీద పదుల్లో అణువులు కనిపిస్తాయి. ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల నీటిలో దాదాపు 1.7 × 10²³ ఉంటాయి. ఇది చెప్పకుండా సిమ్యులేషన్ చూపిస్తే, పాత తప్పు తీసి కొత్త తప్పు పెట్టినట్టే.

ల్యాబుకు బదులుగా ఇవి చాలునని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. డిగ్రీలో మొదటిసారి బ్యూరెట్ పట్టుకున్న రోజు మాకు బాగా గుర్తు. కుళాయి ఏ చేత్తో తిప్పాలో తెలియదు. ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగుకు వచ్చే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపలేక, ఫ్లాస్కంతా ముదురు గులాబీ చేసి, రీడింగు పక్కవాడి రికార్డు చూసి రాశాము. ఎడమ చేత్తో కుళాయి, కుడి చేత్తో ఫ్లాస్కు తిప్పడం ఏ తెరా నేర్పదు. అమ్మోనియా ఘాటు ముక్కుకే తెలియాలి. గది ఇవ్వలేదు కాబట్టి ఫోను చూసుకోండి అనడం న్యాయం కాదు. మన పిల్లలకు బ్యూరెట్టూ కావాలి, బొమ్మా కావాలి.

అయితే ల్యాబుకు వెళ్ళే ముందు రాత్రి చూసుకోవడానికి పనికొచ్చేవి ఉన్నాయి. అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ ముంబయి కలిసి తయారుచేసిన 'ఓ ల్యాబ్స్'లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ప్రయోగాలు వరుసగా ఉంటాయి: సిద్ధాంతం, చేసే విధానం, సిమ్యులేషన్, వైవా ప్రశ్నలు. లవణ విశ్లేషణకు ముందు ఒకసారి చూసుకుంటే గొట్టం పట్టుకుని బిక్కమొహం వేయనక్కరలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి 'కెమ్‌కలెక్టివ్'లో తెర మీద ద్రావణాలు కలిపి, బీకరులో ఏ అయాన్ ఎంత ఉందో చూడవచ్చు. ఇది డిగ్రీ వాళ్ళకు. పుస్తకాల్లో ఎన్‌సీఈఆర్‌టీవి, రైస్ విశ్వవిద్యాలయం వారి 'ఓపెన్‌స్టాక్స్' కెమిస్ట్రీ ఉచితంగా దించుకోవచ్చు. ఓపెన్‌స్టాక్స్ ఇంగ్లీషు మొదట భయపెడుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన మేము ఒక్కో అధ్యాయాన్ని ముందు తెలుగు పాఠ్యపుస్తకంలో చదివి, తరువాత అందులో చదివాము. రెండో ఏడాదికి వరుస తిరగబడింది.

హాస్టల్లో తమ్ముళ్ళ దగ్గర ఫోను ఉండకూడదన్న నియమం మాకు తెలుసు, దాని మీద మాకు ఫిర్యాదు లేదు. నెట్ లేకపోయినా పని జరుగుతుంది. ఫెట్ వారి కొత్త సిమ్యులేషన్లు ఒక్కొక్కటీ ఒక్కో ఫైలుగా దించుకుంటే మామూలు బ్రౌజర్లోనే తెరుచుకుంటాయి. పైన చెప్పిన ఆరింటినీ దించి పెన్‌డ్రైవ్‌లో వేసి ట్యూటర్ గారికి ఇచ్చాము. ఆఫీసు గదిలోని కంప్యూటర్లో 'కెమిస్ట్రీ' అనే ఫోల్డరులోనూ ఉన్నాయి. ఆ కంప్యూటర్లోని పాత బ్రౌజర్లో ఒకటి రెండు తెరుచుకోకుండా మొరాయిస్తే, పెన్‌డ్రైవ్‌లోనే కొత్త బ్రౌజర్ కూడా వేసి ఉంచాము. ఆదివారం పది గంటలకు, టిఫిన్ అయ్యాక, ట్యూటర్ గారిని అడిగి తీసుకోండి. నోటు పుస్తకం, పెన్ను మరిచిపోవద్దు.