రోమన్ల పల్లియం... మన మసులా బట్ట!

కుట్టు లేదు, గుండీ లేదు. పొడవాటి బట్టను ఎడమ భుజం మీద వేసుకుని, వీపు వెనక నుంచి కుడిచేతి కిందుగా తెచ్చి, కొసను మళ్లీ ఎడమ భుజం మీదికి విసరడమే! పెళ్లికి బయల్దేరిన తాతయ్య కండువా సంగతి అనుకుంటున్నారా? రెండువేల ఏళ్ల కిందట రోమన్లు 'పల్లియం' కప్పుకున్న తీరిది.

పల్లియం అంటే లాటిన్‌లో పైవస్త్రం. గ్రీకుల నుంచి వచ్చిన దీర్ఘచతురస్రపు ఉన్ని బట్ట. రోమన్ పౌరుడి హోదాకు గుర్తు టోగా. అయితే దాన్ని చుట్టుకోవడమే ఓ ప్రహసనం. తేలిగ్గా ఉండే పల్లియం తత్వవేత్తలకు ఇష్టం. టోగా మాని పల్లియం వేసుకున్నాడని జనం ఎగతాళి చేస్తే, కార్తేజ్ నగరానికి చెందిన టెర్టులియన్ జవాబుగా ఏకంగా పుస్తకమే రాశాడు.

అలాంటి కుట్టులేని వస్త్రమే మన కృష్ణాతీరపు బుద్ధ విగ్రహాల మీదా కనిపిస్తుంది. విజయవాడ బాపూ మ్యూజియంలో అల్లూరు బుద్ధుణ్ని చూస్తే రాతిలో బట్ట మడతలు ఎలా తీర్చారా అనిపిస్తుంది. అమరావతి శైలి మడతల్లో రోమన్ ప్రభావం ఉందని కొందరు చరిత్రకారులంటారు. అది మన భిక్షువుల కట్టేనని మరికొందరి వాదన.

ఎవరి మాట ఎలా ఉన్నా, ఇటు నుంచి అటు బట్ట వెళ్లిందన్నది నిజం. క్రీ.శ. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం 'పెరిప్లస్' మసాలియా ప్రాంతంలో సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. అదే మన మచిలీపట్నం సీమ. టాలెమీ పేర్కొన్న రేవు 'కొంటకొస్సిల' నేటి ఘంటసాలేనని పండితులు గుర్తించారు. మన సరుకుల మోజులో ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు భారతదేశానికి తరలిపోతున్నాయని ప్లినీ వాపోయాడు మరి!

తర్వాత పల్లియం వాడుక పోయింది. మాట మాత్రం ఆసుపత్రిలో మిగిలింది. తగ్గని జబ్బుతో ఉన్నవారి బాధను తగ్గించే 'పాలియేటివ్ కేర్'కు మూలం అదే. దుప్పటిలా కప్పి కాపాడటమని అర్థం.

మన బట్ట ఇంకా బతికే ఉంది. పెడనలో నేటికీ బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, టేకు అచ్చులతో రంగులద్ది, కాలవలో జాడించి కలంకారీ తీస్తున్నారు. పక్కనే అదే డిజైను స్క్రీన్ ప్రింటులో చవగ్గా దొరుకుతోంది. చేతి అద్దకానికి పట్టే రోజుల విలువ కొనేవాళ్లకు తెలియకపోతే నష్టపోయేది ఆ చేతులే. ఈసారి కండువానో దుప్పటో కొనేటప్పుడు ఇది అచ్చుదా, స్క్రీనుదా అని ఒక్క మాట అడగండి. పల్లియంలా మనకూ పేరొక్కటే మిగలకూడదు కదా!